సులువు బంతే తప్పేదెందుకు?

కష్టమైన బంతుల్ని అలవోకగా కొడతాడు. టేబుల్ ఆ చివర కుషన్‌కి అతుక్కుపోయిన బంతిని గోటితో గీరినట్టు సన్నగా తాకించి మూల పాకెట్‌లో పడేస్తాడు. చూస్తున్నవాళ్లు 'వారెవ్వా' అంటారు. తర్వాతి బంతి పాకెట్ అంచునే ఉంది. చిన్నపిల్లాడు తోసినా పడిపోతుంది. సరిగ్గా దాన్నే తప్పుతాడు. గేమ్ పోతుంది.

పూల్ పార్లర్ మొహం చూసినవాళ్లందరికీ ఇలాంటి ఆటగాడు ఒక్కడైనా తెలిసే ఉంటాడు. 'చెయ్యి బంగారం, బుర్రే పెట్టడు' అంటారు స్నేహితులు. ఆ మాట అతనికి కొత్త కాదు. 'తెలివుంది, శ్రద్ధ లేదు' అని బళ్లో మాస్టార్లు అన్నారు. లెక్క మొత్తం సరిగ్గా చేసి చివరి వరసలో ప్లస్సు బదులు మైనస్సు వేస్తే నాన్న నాలుగు తగిలించాడు. ఇప్పుడు ఆఫీసులో బాసు, ఇంట్లో భార్య అదే పాట వేరే రాగంలో పాడుతున్నారు. వాళ్లందరికీ తెలిసిన కారణం ఒక్కటే... నిర్లక్ష్యం!

ఇలాంటి మాటలు వింటూ పెరిగిన అందరికీ కాదుగానీ, కొందరికి ఉన్నది నిర్లక్ష్యం కాదు. దానికి వైద్యశాస్త్రంలో ఓ పేరుంది. అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్. పొట్టిగా ఏడీహెచ్‌డీ. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో ఏడీడీ అన్న పేరు వాడింది. 1987లో దానికి 'హైపరాక్టివిటీ' చేరింది. పాత పేరూ ఇంకా జనం నోళ్లలో నలుగుతూనే ఉంది.

ఇది పిల్లల సమస్యనీ, పెద్దయ్యాక అదే పోతుందనీ చాలాకాలం అనుకున్నారు. అందరికీ పోదు. పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా. అదే గ్రంథానికి 2013లో వచ్చిన అయిదో కూర్పు పెద్దవాళ్లని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంది. పిల్లలకైతే ఆరు లక్షణాలుండాలి, పదిహేడేళ్లు దాటినవాళ్లకి అయిదు చాలంది. వాటిలో కొన్నయినా పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలనీ చెప్పింది. అంటే ముప్ఫయ్యేళ్లకి హఠాత్తుగా ఊడిపడే జబ్బు కాదిది. చిన్నప్పట్నుంచీ ఉండి, గుర్తుపట్టేవాళ్లు లేక మిగిలిపోయింది!

పేరులోనే తిరకాసు

నిజానికి ఆ పేరే కాస్త తప్పుదారి పట్టిస్తుంది. 'అటెన్షన్ డెఫిసిట్' అంటే ధ్యాస తక్కువ అనుకుంటాం. కానీ అదే మనిషి నచ్చిన పని దొరికితే అన్నం నీళ్లు మరిచిపోయి ఆరు గంటలు కూర్చుంటాడు. మరి ధ్యాస లేదని ఎలా అంటాం? ఉంది. దాని పగ్గాలే చేతిలో లేవు. కొత్తది, కష్టమైంది, ఆసక్తి పుట్టించేది, నెత్తిమీదకొచ్చింది... ఇలాంటి వాటి వెంట అది తనంతట తానే పరుగెడుతుంది. తెలిసిందీ తేలికైందీ ఎదురైతే మాత్రం ఎంత పిలిచినా రాదు.

ఇప్పుడా పూల్ టేబుల్ దగ్గరికి మళ్లీ వద్దాం. కోసి కొట్టాల్సిన బంతి ఓ సవాలు. మెదడు మొత్తం అక్కడ హాజరు. పాకెట్ అంచున ఉన్న బంతి? 'అది పడ్డట్టే' అని మెదడు ముందే తీర్పిచ్చేసి, తర్వాతి బంతి దగ్గరికో, గోడమీది టీవీ దగ్గరికో వెళ్లిపోయింది. చెయ్యి ఒక్కటే ఇక్కడ మిగిలింది. ఇల్లు అలకగానే పండగ కాదన్న సంగతి ఆ చేతికెలా తెలుస్తుంది?

ఇంకో చిక్కూ ఉంది. క్రికెట్‌లో బంతి మీ మీదికొస్తుంది. టేబుల్ టెన్నిస్‌లో ఆలోచించే వ్యవధే ఉండదు. ఆటే మిమ్మల్ని లాక్కుపోతుంది. పూల్‌లో అలా కాదు. బంతులన్నీ కదలకుండా కూర్చుని ఉంటాయి. మీరు కొట్టేదాకా ఏమీ జరగదు. ఎప్పుడు వంగాలో, ఎప్పుడు కొట్టాలో చెప్పే విజిల్ ఉండదు. అంతా మీరే మొదలుపెట్టాలి, మీరే ఆపుకోవాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి కష్టమైన పని సరిగ్గా అదే. అందుకే ఈ ఆట వాళ్ల లోపలి సంగతిని అద్దంలో చూపించినట్టు చూపిస్తుంది. సరిచేసుకోవడానికీ అదే అద్దం పనికొస్తుంది.

వంగాక ఆలోచన లేదు

'జాగ్రత్తగా ఆడు' అన్న సలహా ఈ ఆటగాడికి వందసార్లు దొరికి ఉంటుంది. దానివల్ల ఒరిగేదేం లేదు. జాగ్రత్త అన్నది ఓ పని కాదు. ఏం చెయ్యాలో చెబితే చెయ్యగలడు. ఎలా ఉండాలో చెబితే ఎలా చేస్తాడు?

మంచి ఆటగాళ్లు ప్రతి బంతికీ ముందు ఒకే వరసలో కొన్ని పనులు చేస్తారు. ఆట నేర్పేవాళ్లందరూ చెప్పేదే ఇది. మామూలువాళ్లకి అదో మంచి అలవాటు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి అదే చేతికర్ర.

ఆలోచనంతా నిలబడి ఉన్నప్పుడే. ఏ బంతి, ఏ పాకెట్, కొట్టాక తెల్ల బంతి ఎక్కడ ఆగాలి... ఈ మూడూ ఒక వాక్యంలో మనసులో చెప్పుకోవాలి. 'మూడో నంబరు, పక్క పాకెట్, తెల్లది మధ్యలో ఆగాలి.' పెదవులు కదిలినా తప్పులేదు. మెదడులో నిలవని దాన్ని మాటగా బయట పెడితే నిలుస్తుంది. వాక్యం పూర్తయితేనే క్యూ కొనకి చాక్ రాయాలి. చాక్ కింద పెట్టారంటే నిర్ణయం అయిపోయిందని గుర్తు.

తర్వాత వంగాలి. క్యూని రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఒక్క క్షణం ఆగాలి. చూపు కొట్టాల్సిన బంతి మీద పెట్టాలి. కొట్టాలి. బంతి పాకెట్‌లో పడిన చప్పుడు వినేదాకా తల ఎత్తకూడదు.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. వంగాక ఆలోచన లేదు. ఆలోచన వచ్చిందా, కొట్టకుండా లేచి నిలబడాలి. 'ఆ పాకెట్ అయితే నయమేమో' అన్న అనుమానం సగంలో వచ్చినా సరే, ఫోన్ మోగినా సరే. లేచి, మళ్లీ వాక్యం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అవతలివాడు విసుక్కుంటే విసుక్కోనీ. ఆ లేవడంలో రెండు మూడు సెకన్లు పోతాయి. లేవకపోతే గేమే పోవచ్చు.

ఆ వరస సులువు బంతికీ తప్పకూడదు. అసలు దానికే ఎక్కువ అవసరం. కష్టమైన బంతిని మెదడు ఎలాగూ పట్టించుకుంటుంది. పట్టించుకోనిది తేలిక బంతినే. పెద్ద దేవుడికీ చిన్న దేవుడికీ ఒకటే పూజ అనుకోండి!

కుర్చీలో గండం

ఆట సగం టేబుల్ దగ్గర జరిగితే, మిగతా సగం కుర్చీలో జరుగుతుంది. అవతలివాడు వరసగా బంతులు వేస్తూ పోతుంటే మీరు కూర్చోవాలి. తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం ఏడీహెచ్‌డీ లక్షణాల జాబితాలో ఉన్నదే. కుర్చీలో కూర్చున్న మనిషి ఫోన్ తీస్తాడు. ఎవరో పంపిన వీడియో చూస్తాడు. 'నీదే' అని పిలిస్తే లేచి, బంతులు ఎక్కడున్నాయో చూడకుండానే వంగిపోతాడు.

కుర్చీకీ ఓ పని కావాలి. ఫోన్ సంచిలో. కళ్లు తెల్ల బంతి మీద. 'ఇప్పుడు ఇతను తప్పితే నేనేం కొడతాను?' అన్న ప్రశ్నకి ప్రతి బంతికీ జవాబు వెతుక్కోవాలి. అదే ఓ ఆట. కాలు ఊపుకోవాలనిపిస్తే ఊపుకోవచ్చు. కదలకుండా కూర్చోవడానికే శక్తంతా పోతే చూడ్డానికి ఏం మిగులుతుంది?

చుట్టూ ఉండే గోలకీ మార్గం చూడాలి. అమెరికాకి చెందిన షేన్ వాన్ బోనింగ్ పూల్‌లో పేరుమోసిన ఆటగాడు. 2022లో తొమ్మిది బంతుల ఆటలో ప్రపంచ ఛాంపియన్. పుట్టుకతోనే వినికిడి లోపం. వినికిడి యంత్రాన్ని ఆపేసి ఆడితే ఏకాగ్రత కుదురుతుందని ఆయనే చెప్పారు. ఏడీహెచ్‌డీకీ ఆయనకీ సంబంధం లేదు. కానీ లోకాన్ని కాసేపు కట్టేయడం ఎంత మేలో ఆ మాట చెబుతుంది. మనకా మీట లేదు. టీవీకి వీపు పెట్టి కూర్చోవచ్చు. స్పీకర్‌కి దూరంగా ఉన్న టేబుల్ అడగవచ్చు. శనివారం రాత్రి బదులు మంగళవారం మధ్యాహ్నం వెళ్లవచ్చు.

ఇక తప్పిన తర్వాత సంగతి. ఒక బంతి పోయిందన్న కోపంలో తర్వాతి రెండూ పోగొట్టుకోవడం చాలామందికి మామూలే. కోపం ఇట్టే వచ్చేవాళ్లకి మరీను. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఓ తేలిక పద్ధతి మీద చాలాకాలం పనిచేశారు. 'కోపం తెచ్చుకోను' అనుకోవడం కాదు, 'ఇలా జరిగితే ఇది చేస్తాను' అని ముందే ముడివేసుకోవడం. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి తమని తాము ఆపుకోవడంలో ఈ పద్ధతి సాయపడిందని ఆయన సహ రచయితగా 2008లో వచ్చిన పరిశోధన చెప్పింది. టేబుల్ దగ్గర దీన్ని ఇలా వాడుకోవచ్చు. 'బంతి తప్పితే క్యూని గుడ్డతో తుడిచి, ఓ గుక్క నీళ్లు తాగి కూర్చుంటా.' అంతే. కోపం వస్తుంది. చేతులకి మాత్రం వేరే పని ఉంటుంది.

దెయ్యంతో పందెం

సాధన అనగానే ఒకే బంతిని వందసార్లు కొట్టమంటారు. ఈ మనిషి పన్నెండోసారికే పారిపోతాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. సాధన తీరే మార్చాలి.

పూల్ ఆడేవాళ్లలో 'దెయ్యంతో ఆట' అని ఒకటుంది. ఒంటరిగా ఆడాలి. తొమ్మిది బంతుల్ని బ్రేక్ చెయ్యాలి. తర్వాత తెల్ల బంతిని చేత్తో తీసి నచ్చినచోట పెట్టుకోవచ్చు. అక్కణ్నుంచి ఒకటో నంబరు మొదలు తొమ్మిదిదాకా వరసగా వెయ్యాలి. అన్నీ పడితే పాయింటు మీకు. ఒక్కటి తప్పినా దెయ్యానికి. ఎందుకంటే దెయ్యం ఎప్పుడూ తప్పదు! ఎవరికి ముందు ఏడు పాయింట్లొస్తే వాళ్లు గెలిచినట్టు. తొమ్మిది బంతులు మరీ కష్టమైతే మూడింటితో మొదలుపెట్టొచ్చు. మూడింటితో దెయ్యాన్ని ఓడించగలిగాక నాలుగు.

ఇది ఈ మెదడుకి ఎందుకు నప్పుతుందంటే, ప్రతిసారీ బంతులు కొత్తచోట ఉంటాయి. ప్రతిసారీ ఓ ప్రత్యర్థి ఉంటాడు. ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. పైగా ఇందులో చివరి సులువు బంతి తప్పితే, ముందు వేసిన ఎనిమిదీ గంగలో కలిసినట్టే. పాఠం చెప్పే మాస్టారు అక్కర్లేదు. రెండు గంటలు ఏకబిగిన ఆడేకంటే ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుని, మోగగానే బయటికెళ్లి ఓ చుట్టు తిరిగిరావడం మేలు.

వేగం మాటేమిటి? 'నేను తొందరగా ఆడతాను, అదే నా జబ్బు' అనుకునేవాళ్లుంటారు. పూల్‌కి దగ్గరి చుట్టమైన స్నూకర్‌లో రోనీ ఓసలివాన్ 1997 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 147 పాయింట్ల బ్రేక్‌ని 5 నిమిషాల 8 సెకన్లలో పూర్తిచేశాడు. 36 బంతులు. ఒక్కోదానికీ సగటున ఎనిమిదిన్నర సెకన్లు. వేగం వేరు, తొందర వేరు. వరస చెడకుండా గబగబా ఆడటం వేగం. వరసలో ఒక మెట్టు ఎగరేసి దూకడం తొందర. నిదానంగా ఆడమని ఈ మనిషిని బలవంతపెడితే మధ్యలో దొరికిన ఖాళీలో మెదడు ఊరేగి వస్తుంది. అతని వేగం అతనికుండనివ్వండి. మెట్లు మాత్రం అన్నీ ఎక్కాలి.

మందులూ, నియమాలూ

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పూల్ ఆడితే ఏడీహెచ్‌డీ పోదు. ఆట మందు కాదు. మందులు వేరే ఉన్నాయి, చాలామందికి పనిచేస్తాయి కూడా. వాటిలో ముఖ్యమైంది మిథైల్‌ఫెనిడేట్. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ చీటీ నకలు దుకాణంవాళ్లు దాచి ఉంచాలి. 'మావాడు వాడుతున్నాడు, మ్యాచ్ ముందు నేనూ ఒకటి వేసుకుంటా' అనడం ప్రమాదం. గుండె వేగం, రక్తపోటు పెరగొచ్చు. ఎవరికి సరిపడుతుందో చూసి చెప్పాల్సింది డాక్టరే.

టోర్నమెంట్లు ఆడేవాళ్లకి మరో చిక్కు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ జాబితా ప్రకారం పోటీల సమయంలో మిథైల్‌ఫెనిడేట్ నిషిద్ధం. నిజంగా అవసరమున్నవాళ్లు వైద్య పత్రాలు చూపించి ముందుగా మినహాయింపు పొందాలి. చెయ్యి వణక్కుండా బీటా బ్లాకర్ వేసుకుందామనుకుంటారేమో, క్యూ ఆటల పోటీల్లో అదీ నిషిద్ధమే.

మినహాయింపు తీసుకోవడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. 2016లో హ్యాకర్లు క్రీడాకారుల వైద్య రికార్డుల్ని దొంగిలించి బయటపెట్టినప్పుడు అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ పేరూ అందులో ఉంది. తనకి ఏడీహెచ్‌డీ ఉందనీ, చిన్నప్పట్నుంచీ మందు వాడుతున్నాననీ, దాచుకోవాల్సిందేమీ లేదనీ ఆమె బహిరంగంగా చెప్పింది. ఒలింపిక్స్‌లో 28 పతకాలు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌కీ ఏడీహెచ్‌డీ ఉంది. అయితే వాళ్లిద్దరికీ ఓ అదృష్టం దక్కింది. సంగతేమిటో చిన్నప్పుడే తెలిసింది. మన పూల్ ఆటగాడికి దక్కనిది అదే.

అసలు పందెం

పూల్‌లో ఒక బంతి తప్పితే పోయేది ఒక గేమ్. టేబుల్ అవతల అలా కాదు. కరెంటు బిల్లు కట్టేశాననుకుని మరిచిపోవడం, రిజైన్ లెటర్ ఒక్క క్షణం కోపంలో పంపేయడం, పార్లర్‌లోనే వందతో మొదలైన పందెం రాత్రికి పదివేలు అవడం... ఇవన్నీ వంగాక లేవలేని షాట్లే. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి జూదం, మద్యం, పొగ అలవాటయ్యే ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ. పూల్ టేబుళ్లున్న చోట ఆ మూడూ దగ్గర్లోనే ఉంటాయన్నదీ మరవకూడదు. డబ్బు పెట్టి ఆడకపోవడం ఇక్కడ నీతి సూత్రం కాదు, ఆత్మరక్షణ.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు. ఇరవై ముప్ఫయ్యేళ్లు 'నిర్లక్ష్యం' అన్న మాట విన్న మనిషి చివరికి దాన్ని నమ్మేస్తాడు. ఇక ప్రయత్నించడు. ప్రయత్నించి ఓడితే మళ్లీ అదే మాట వినాలిగా! ఆడపిల్లల విషయంలో ఇంకా అన్యాయం. వాళ్లలో చాలామంది గోల చెయ్యరు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. 'పరధ్యానం పిల్ల' అని వదిలేస్తారు. పెళ్లయ్యాక పొయ్యిమీద పాలు పొంగిపోయిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు తిడతారు.

ఏడీహెచ్‌డీకి వంశపారంపర్యం బలంగా ఉంటుంది. అందుకే కొడుకునో కూతురినో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిన తల్లిదండ్రులు ఆ ప్రశ్నలు వింటూ 'ఇవన్నీ నాకూ ఉన్నాయే' అని ఉలిక్కిపడటం అరుదేం కాదు.

అనుమానం ఉంటే చూపించుకోవడానికి వెనకాడొద్దు. దీనికి రక్తపరీక్షా లేదు, స్కానింగూ లేదు. సైకియాట్రిస్టు మీతో వివరంగా మాట్లాడతారు. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్లండి. మీ బాల్యం గుర్తున్న అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. నిద్రలేమి, థైరాయిడ్, ఆందోళన, కుంగుబాటు... ఇవి కూడా ధ్యాసని చెదరగొడతాయి కాబట్టి ముందు వాటి సంగతి తేల్చుకోవాలి. రెండు మూడు లక్షణాలు చూసుకుని 'నాకూ ఉంది' అని ఎవరికి వారు పేరు పెట్టేసుకోవడం సరికాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. డబ్బులు తీసుకోరు.

ఆ ఆటగాడి పక్కన మీరు కుర్చీలో ఉన్నారనుకోండి. పాకెట్ అంచున ఉన్న బంతిని తప్పి తిరిగొచ్చాడు. 'దాన్ని కూడా తప్పావా?' అని అడగాలనిపిస్తుంది. అడక్కండి. ఆ ప్రశ్న అతను తనని తాను అప్పటికే అడిగేసుకున్నాడు. దాని బదులు 'కొట్టే ముందు చాక్ రాశావా?' అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబుంది. వచ్చే గేమ్‌లో చెయ్యగలిగిన పనీ ఉంది.